నిన్న రాత్రి మా వెనక ట్రంపెట్ వాయించిన పెద్దాయనకు

ఆదివారం తెల్లవారుజాము నాలుగు దాటింది. నిద్ర పట్టడం లేదు. గొంతు పూర్తిగా పోయింది, ముంజేతులు లాగుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి. రేపటికి ఈ మాటలు చల్లారిపోతాయని భయంగా ఉంది.

నిన్న బెంగళూరులో మా బృందం మొదటిసారి పూర్తి కచేరీ చేసింది. పదకొండు పాటలు, అన్నీ తెలుగువి, అన్నీ నేను పియానో ముందు కూర్చుని రాసుకున్నవే. వచ్చి, చివరిదాకా కూర్చున్న ప్రతి ఒక్కరికీ నమస్కారం. అమ్మ, నాన్న, అన్నయ్య, మా ఆయన ఏం చేశారో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ రాస్తే కోప్పడతారు.

నేను రాయాలనుకున్నది ఒక్క మనిషి గురించి. నిన్న మధ్యాహ్నం రెండింటి వరకూ ఆయన ఎవరో నాకు తెలియదు.

మా వాద్య బృందం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగిన నష్టం అర్థం కాదు. పియానో, డ్రమ్స్, బేస్ గిటార్‌తో పాటు మాకు ట్రంపెట్, ట్రాంబోన్, టెనార్ శాక్సోఫోన్ ఉన్నాయి. మేం ముద్దుగా 'బాకాలు' అంటాం. 1967లో మొదలైన 'చికాగో' అనే అమెరికా సంగీత బృందంలోనూ బాకాలంటే ఈ మూడు రకాలే. కాలేజీలో వాళ్ల పాటలు వింటున్నప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా నా తెలుగు పాట వెనక ఈ మూడూ నిలబడాలని. మూడింటిలో పైస్థాయి ట్రంపెట్‌ది. అది లేకపోతే మిగతా రెండూ పైకప్పు లేని గోడలే.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మా ట్రంపెట్ అబ్బాయి హాలుకు వస్తూ దారిలో గుంతలో పడ్డాడు. ఎముకలు విరగలేదు కానీ పై పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి. పెదవి లేనిదే ట్రంపెట్ లేదు. తెలిసిన నలుగురికీ ఫోన్ చేశాం. మాఘమాసం శనివారం, అందరికీ ఎక్కడో ఒకచోట పెళ్లి. "పెళ్లిళ్లవాళ్లనే అడుగుదాం" అన్నాడు డ్రమ్స్ అబ్బాయి. రోడ్డు మీద వెళ్తే ఎప్పటికి చేరతామోనని ఇద్దరం మెట్రో ఎక్కి కె.ఆర్. మార్కెట్‌లో దిగాం.

సందులో ఒక బ్యాండు మేళం వాళ్ల గది. గోడ నిండా వేలాడుతున్న బాకాలు, కింద నేల మీద డప్పులు. ఎర్ర కోటు గుండీలు విప్పుకుని, బంగారు జరీ అంచు టోపీ ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్లవారుజాము ముహూర్తం వాయించి అప్పుడే వచ్చారట. వయసు అరవై దాటి ఉంటుంది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, "ముళబాగిలు వైపు వాళ్లమే తల్లీ, చెప్పు" అన్నారు.

చెప్పాను. ఏడుపు ఆపుకుంటూ చెప్పాను. రాత్రి ఎనిమిదిన్నరకు ఆయనకు ఇంకో ఊరేగింపు ఉంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి చూసి మేనల్లుణ్ని పిలిచి, "రాత్రికి నువ్వు వెళ్లు" అన్నారు. అంతే. ఎంత ఇస్తారని అడగలేదు, హాలు ఎక్కడని కూడా అడగలేదు.

నా దగ్గరున్న కాగితాలన్నీ పాశ్చాత్య సంగీత లిపిలో రాసినవి. ఆయనకు ఆ లిపి రాదు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆయన మాత్రం, "నువ్వు పాడు, స రి గ మలు నేను పట్టుకుంటాను. శ్రుతి ఎంత?" అన్నారు. హాలు బిల్లు వెనక తెలుగులో స్వరాలు రాసుకుంటూ కూర్చున్నాం. అమ్మమ్మ మీద రాసిన పాట పియానోలో ఎఫ్ మేజర్, అంటే ఎఫ్‌ను 'స'గా పెట్టుకున్న స్వరాల వరుస. ట్రంపెట్ వాళ్ల లెక్కలో అదే ఒక స్వరం పైన, జి అవుతుంది. ఈ లెక్క నాకే ఎప్పుడూ తికమక. ఆయన మూడు మీటలూ వదిలేసి ఊదారు. "ఇదే కదా నీ షడ్జమం? శంకరాభరణమేగా తల్లీ, భయపడతావెందుకు" అన్నారు. మూడేళ్లుగా నేను మోస్తున్న పాట ఆయనకు ఇరవై నిమిషాల్లో వచ్చేసింది.

హాలులో ఇంకో చిక్కు. వీధిలో జనం మధ్య వాయించే ఊపిరి అది, గదిలో పియానోను మింగేస్తుంది. నేను నోరు తెరిచి చెప్పేలోపే ఆయన తన టోపీ తీసి ట్రంపెట్ మూతికి అడ్డం పట్టుకున్నారు. ఆ గట్టి స్వరం మెత్తబడి, పక్కగదిలో ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. పియానో కూడా వెంట్రుకవాసి తక్కువ శ్రుతిలో ఉందని ముందు కనిపెట్టింది ఆయనే. శ్రుతి గొట్టం కొంచెం బయటికి లాగి సరిచేసుకుని, "నువ్వేం పట్టించుకోకు, పాడుకో" అన్నారు.

ఆరున్నరకు, లోపలికి జనం వస్తున్నప్పుడు, వేదిక పక్కన నిలబడి ఉన్నాను. చేతులు వణుకుతున్నాయి. ఆయన వచ్చి నా ముఖంలోకి చూసి, "అన్నం తిన్నావా?" అన్నారు. లేదన్నాను. కోటు జేబులోంచి ఒక ఆకు పొట్లం తీశారు. పొద్దున పెళ్లివారు పెట్టిన బొబ్బట్టు. రెండుగా తుంచి పెద్ద ముక్క నాకిచ్చారు. నెయ్యి పేరుకుని ఉంది, ఇత్తడికి రాసే నూనె వాసన కూడా కొంచెం తగిలింది. అప్పుడు ఏడ్చాను. పొద్దుటినుంచి నాతో అందరూ మైకుల గురించి, టికెట్ల గురించి, లైట్ల గురించే మాట్లాడారు. ఆ ఒక్క మాట అడిగింది ఆయనే.

అమ్మమ్మ పాటలో పియానో ఆగిపోయి ట్రంపెట్ ఒక్కటే ఎనిమిది ఆవర్తాలు నడిచే చోటు ఉంది. నేను రాసింది కొంచెం ఎక్కువ స్వరాలతో నిండి ఉండేది. ఆయన సగం వదిలేశారు. ఒక్కో స్వరం మీద నిలబడి, గమకంతో చిన్నగా ఊపి, తర్వాతి దానికి వెళ్లారు. ఇకమీదట ఆ పాట అలాగే ఉంటుంది.

అయిపోయాక డబ్బు ఇవ్వబోతే లెక్కపెట్టారు. ఊరేగింపుకు ఆయన వంతుకు ఎంత వస్తుందో అంతే ఉంచుకుని, మిగతాది నా చేతిలో పెట్టారు. "కుట్లు పడిన పిల్లాడికి ఇవ్వు" అన్నారు.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. ఈ కచేరీకి అనుమతి కోసం ఇచ్చిన దరఖాస్తులో 'పాటలు ఏ సినిమాలోవి' అని ఒక గడి ఉంది. 'సొంత పాటలు' అని రాస్తే రెండుసార్లు వెనక్కి ఇచ్చారు. మూడోసారి 'ఆర్కెస్ట్రా' అని రాస్తే తీసుకున్నారు. నా పాటలు నేను పాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదని నేనే సంతకం చేసి ఇవ్వాల్సి వచ్చింది. హాలు అద్దె మీద 18 శాతం జీఎస్టీ కట్టాం, శ్రుతి తప్పిన పియానోకు విడిగా అద్దె కట్టాం. మూసి ఉన్న హాళ్లలాంటి చోట్ల తప్ప, రాత్రి 10 దాటాక మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. అది న్యాయమే, చుట్టూ ఇళ్లున్నాయి. కానీ 9:40కే, చివరి పాట సగంలో, వేదిక లైట్లు ఆర్పేయమని ఏ నియమం చెప్పింది? చీకట్లోనే పాట పూర్తి చేశాం. తెలుగులో సినిమాకు బయట ఒక పాట పుట్టవచ్చని ఆ గడి తయారుచేసినవాళ్లకు తోచకపోవడం నాకు అన్నిటికన్నా బాధగా ఉంది.

పెద్దాయనకు స్మార్ట్‌ఫోన్ లేదు. ఇది ఆయన చదవరు. మంగళవారం వెళ్లి చదివి వినిపిస్తాను.

అయ్యో, నమస్కారం చెప్పాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. కుట్లతోనే వచ్చి మొదటి వరుసలో కూర్చుని ప్రతి స్వరానికీ వేళ్లు కదిపిన మా ట్రంపెట్ అబ్బాయికి. తలుపు దగ్గర టికెట్లు చూసిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలకు, మీరు పాటలు వినలేకపోయారు, క్షమించండి. లిఫ్టు పనిచేయకపోతే డ్రమ్స్ మెట్లమీదుగా మోసిన వాచ్‌మన్‌కు. పెద్దాయనకు బదులుగా ఊరేగింపుకు వెళ్లిన మేనల్లుడికి, నీ పేరు కూడా అడగలేదు తమ్ముడూ. చీకటి పడ్డప్పుడు ఫోన్ లైట్లు ఎత్తి పట్టుకున్న వెనక వరుసవాళ్లకు. పక్కింటి ఆంటీకి, మా పాపను రాత్రి పదకొండున్నర దాకా చూసుకున్నారు, ఇంకా అక్కడే నిద్రపోతోంది.