పాడుబడేదాకా ఆగాలా? బ్రిటన్ ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

స్టోక్-ఆన్-ట్రెంట్‌లో నేనూ నా భార్యా కిందటి ఏడాది పాత ఇల్లు కొన్నాం. ఇక్కడ వీటిని టెర్రస్ ఇళ్లంటారు. మావైపు టెర్రస్ అంటే డాబా కనుక, ‘గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరుస’ అని అమ్మకు ఫోనులో విడమరచి చెప్పాను. పింగాణీ కార్ఖానాల కార్మికుల కోసం వందేళ్లకు ముందు కట్టిన వీధి అది. కింద రెండు గదులు, పైన రెండు. మా జీతాలకు అందిన ఇల్లు అదే.

వైరింగ్ మొత్తం మార్చాలి, కప్పు పెంకులు సరిచేయాలి. అన్నిటికన్నా పెద్ద పని వెనక గోడది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సున్నంతో కట్టింది. ఎప్పుడో ఎవరో దానిమీద సిమెంటు పూశారు. సున్నం తడిని బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. మా తాతగారి ఇల్లూ సున్నపు గోడలదే, అందుకే చెమ్మ మరక చూడగానే కారణం తెలిసింది. సిమెంటంతా చెక్కించి మళ్లీ సున్నం పూయించాలి.

ఈ పనులన్నిటి మీదా 20 శాతం వ్యాట్. వ్యాట్ నమోదు లేని చిన్న మేస్త్రీని పెట్టుకున్నా సామగ్రి మీద పన్ను తప్పదు. అదే కొత్తగా కట్టే ఇంటికైతే సున్నా. రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇంటిని బాగుచేస్తే 5 శాతం. మా ఇంట్లో ఒక పెద్దావిడ, మేము కొనడానికి ఏడు నెలల ముందు వరకు, దీపం పెట్టుకుని ఉన్నారు. ఆవిడ ఉన్నందుకే మాకు 5 కాదు, 20. ఇది నాకు మింగుడు పడటం లేదు.

మొదటి ఇల్లు కొనేవారికి స్టాంపు సుంకంలో రాయితీ ఇస్తున్నామంటారు. ఉండటానికి కొనే ఒకే ఇల్లు 1,25,000 పౌండ్ల లోపుదైతే ఆ సుంకం ఎలాగూ ఉండదు. మా వీధిలో ఇళ్లన్నీ ఆ లోపువే. ఆ రాయితీ మా గడప తొక్కదు.

వేడి నిలిపే పొరలకు, బయటి వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్ పంపులకు 2027 మార్చి 31 వరకు వ్యాట్ సున్నా చేశారు. మంచి పనే. కానీ చెమ్మ గోడమీద పొర వేస్తే లోపల బూజు పడుతుంది. ముందు గోడ ఆరాలి. ఆ ఆరబెట్టే పనికే 20 శాతం కడుతున్నాం.

కాపురం ఉండటానికి కొన్న పాత ఇంటి మరమ్మతులకు 5 శాతమే వేయండి. కొన్నేళ్లు అక్కడే ఉండాలనే షరతు పెట్టండి, అభ్యంతరం లేదు. 2013లో ఇదే ఊరి నగరపాలక సంస్థ ఖాళీ ఇళ్లను పౌండుకు ఒకటి చొప్పున ఇచ్చి, బాగుచేయించడానికి అప్పు కూడా ఇచ్చింది. మరమ్మతు ఖర్చే అసలు బరువని అప్పుడే అర్థం చేసుకున్నారు.

మా ఇంటికి రెండిళ్ల అవతల అమ్మకపు బోర్డు పెట్టారు. వంటగది ఊడదీసి ఉంది కనుక మామూలు గృహరుణం దొరకడం కష్టం. చేతిలో డబ్బున్నవారే వేలంలో కొని అద్దెకిస్తారు. నిన్న ఒక యువ జంట కిటికీలోంచి చూస్తూ, ఎంతవుతుందని నన్నడిగారు. ఇంటి ధర చెప్పాను, సంతోషించారు. మరమ్మతు లెక్క చెప్పాక మరి మాట్లాడలేదు.

ఇట్లు,
స్టోక్-ఆన్-ట్రెంట్‌లో స్థిరపడిన ఒక తెలుగువాడు