పాలలో బూజు విషం: తనిఖీ దాణా దగ్గరే మొదలుకావాలి

సంపాదకులకు నమస్కారం.

పాల కల్తీ అనగానే నీళ్లు, యూరియా, డిటర్జెంటు గుర్తుకొస్తాయి. అధికారుల దాడులూ వాటి కోసమే. కానీ భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా సేకరించిన 6,432 పాల నమూనాల్లో కల్తీవని తేలినవి 12 కాగా, బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి మించినవి 368. వీటిలో శుద్ధిచేసి అమ్మే పాలూ ఉన్నాయి.

ఈ విషాన్ని ఎవరూ పనిగట్టుకుని కలపరు. వేరుశనగ, పత్తిగింజలు, మొక్కజొన్న సరిగా ఆరకపోయినా, చెమ్మ తగిలే గోదాముల్లో మగ్గినా బూజు పట్టి అఫ్లాటాక్సిన్ బీ1 పుడుతుంది. ఆ గింజల నుంచి నూనె తీయగా మిగిలిన చెక్కను, దాణాను తిన్న పశువు కాలేయం దానిలో కొంత భాగాన్ని ఎం1గా మార్చగా, అది ఒకటి రెండు రోజుల్లోనే పాలలోకి దిగుతుంది. కాచినా, పాశ్చరైజ్ చేసినా పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అఫ్లాటాక్సిన్లను మనుషుల్లో క్యాన్సర్ కారకాలుగా నిర్ధారించింది. ముప్పు ముఖ్యంగా కాలేయానికి. హెపటైటిస్ బి ఉన్నవారికి మరీ ఎక్కువ. పాలు మానేయమని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి రోజూ పాలు తాగే పిల్లల విషయంలోనే నా ఆందోళన. కిలో పాలకు మన దేశంలో అనుమతించిన పరిమితి 0.5 మైక్రోగ్రాములు, ఐరోపా సమాఖ్యలో 0.05.

మంచి దాణాకు మారిస్తే కొద్ది రోజుల్లోనే పాలలో ఈ విషం తగ్గిపోతుంది కాబట్టి పరిష్కారం మన చేతిలోనే ఉంది. అయితే సేకరణ కేంద్రంలో ధర కట్టేది వెన్న శాతం, పాలలోని మిగతా ఘనపదార్థాల శాతమైన ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి; బూజు పట్టిన చెక్కను పారబోసిన రైతుకు నష్టమే తప్ప లీటరుకు పైసా ఎక్కువ రాదు. ఇక రైతును నిందించి ఏం లాభం? పాడి పశువులకు భారత ప్రమాణాల బ్యూరో (బీఐఎస్) ప్రమాణాలు పాటించే దాణానే పెట్టాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థే 2020 జనవరిలో ఆదేశించింది, ఆ తర్వాత అమలును వాయిదా వేసింది.

కోతకు ముందు వానలు ముఖం చాటేస్తే వేరుశనగకు ఈ బూజు సులువుగా సోకుతుందని రాయలసీమ రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షలను ఎప్పుడో రూపొందించింది. రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు దాణా మిల్లుల్లో, చెక్క అమ్మే దుకాణాల్లో, పాల శీతలీకరణ కేంద్రాల్లో వానాకాలమంతా ఈ పరీక్షలు జరిపించి, ఫలితాలను బ్రాండ్లవారీగా ప్రకటించాలి. పరీక్షలో తప్పిన దాణాను అమ్మినవారే వెనక్కి తీసుకుని రైతుకు డబ్బు తిరిగి చెల్లించేలా నిబంధన పెట్టాలి.

— ఒక పాఠకుడు, అనంతపురం