వీసా వచ్చింది, కొందరికి థాంక్స్ చెప్పాలి

ఓ పెయిర్ (au pair) వీసా చేతికొచ్చింది. వచ్చే నెలలో జర్మనీ వెళ్తున్నాను, ఏడాది పాటు. ఇందులో నా కష్టం ఎంతో, కొందరి చలవ కూడా అంతే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఎవరి గురించి రాస్తున్నానో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. అక్కడి కుటుంబంతో ఇంట్లో మనిషిలా ఉంటూ, పిల్లల్ని చూసుకుంటూ, చిన్నాచితకా ఇంటిపనుల్లో చెయ్యేస్తూ భాష నేర్చుకోవడమే ఓ పెయిర్. జర్మనీలో వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు. చేతిఖర్చుకు నెలకు 280 యూరోలు, భాష క్లాసులకు మరో 70 యూరోలు ఆ కుటుంబమే ఇస్తుంది. ఇన్సూరెన్స్ కూడా వాళ్లదే. అప్లై చేసేనాటికి మనకు 27 నిండకూడదు, జర్మన్ ఏ1 స్థాయిలో, అంటే మొదటి మెట్టు వరకైనా, వచ్చుండాలి.

ఇవన్నీ నాకు విడమరిచి చెప్పింది అక్కడే ఓ పెయిర్‌గా చేసొచ్చిన ఒక అక్క. మొదటి దండం ఆవిడకే. నాకు ముందు కుదిరింది అక్కడ స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం. ‘మనవాళ్లే కదా’ అని ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. అక్క మాత్రం వద్దంది. ఇంట్లో జర్మన్ మాట్లాడుకున్నా అది వాళ్ల మాతృభాష కానప్పుడు, వాళ్ల సొంత దేశం నుంచి వచ్చే అమ్మాయిని ఓ పెయిర్‌గా పెట్టుకోకూడదట. పైగా వాళ్లు పంపిన కాగితంలో ఇంట్లోని పెద్దావిడ సేవ కూడా నా పనుల్లోనే ఉంది. పెద్దవాళ్ల సంరక్షణ ఓ పెయిర్ పని కాదు కదా, దీని సంగతేంటని అడగమంది. అడిగాను. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు!

రెండో కుటుంబం పంపిన కాంట్రాక్టును అక్క వీడియో కాల్‌లో నాతో పైకి చదివించింది. సొంత గది, వారానికి ఒకటిన్నర రోజు సెలవు, రోజుకు ఆరు గంటలు... అక్కడ ఆపి, ‘సాయంత్రం వాళ్లు బయటికెళ్తే పిల్లల దగ్గర నువ్వు కూర్చునే టైమ్ ఈ గంటల్లో కలుస్తుందని రాశారా?’ అంది. రాయలేదు. అడిగితే ఆ తల్లి ఏమీ అనుకోకుండా వెంటనే చేర్చింది. నాకు ఆ ఇంటిమీద నమ్మకం కుదిరింది అప్పుడే.

‘డిగ్రీ చదివించింది ఒకరింట్లో పనికి పంపడానికా?’ అన్న నాన్నతో కూడా అక్కే మాట్లాడింది. ‘ఏం భయం లేదు అంకుల్’ అని ఊరడించలేదు. ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలో, ఎన్ని రోజుల నోటీసుతో బయటికి రావచ్చో చెప్పింది. నాన్న అవన్నీ డైరీలో రాసుకున్నారు. మర్నాడు పాస్‌పోర్ట్ కాపీలు తీయించుకొచ్చింది ఆయనే.

తమ ప్లేస్కూల్లో నన్ను పిల్లల మధ్య వదిలేసిన టీచర్ గారికీ నమస్కారాలు. అనుభవం ఉందని లెటర్ ఇచ్చారు, కానీ అంతకంటే విలువైనది ఆవిడ నేర్పిన పని. ముందు జిప్ ఉండే స్వెటర్ తొడుక్కోనని మారాం చేసే పిల్లాడితో కుస్తీ పట్టకుండా, దాన్ని నేలమీద తలకిందులుగా పరిచి, వాడే చేతులు దూర్చి తలమీదుగా తిప్పుకునేలా చేయడం. మంచు దేశంలో నాకు రోజూ పనికొచ్చే విద్య ఇదే అనుకుంటున్నాను.

ఏ1 పరీక్షకు నాతో పాటు చదివిన ఫ్రెండ్‌కి కూడా. స్పీకింగ్ టెన్షన్ పోగొట్టడానికి కిటికీ, పెన్ను, నీళ్ల గ్లాసు బొమ్మలేసి కార్డులు చేసింది. ఏ కార్డు తీస్తే దాని గురించి జర్మన్‌లో మర్యాదగా ఒక మాట అడగాలి. తన గ్లాసు బొమ్మ పూలకుండీలా ఉండేది, అది వేరే సంగతి.

ఇదే దారిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే, కాంట్రాక్టులో అడగాల్సిన ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెట్టుకున్నాను, అడగండి, పంపిస్తాను. వీసా ఖర్చులంటూ ముందే డబ్బు పంపమనే కుటుంబం తగిలితే మాత్రం ప్రశ్నలు కూడా అనవసరం, బ్లాక్ చేసేయండి.