ఐదో స్థానం కూడా వార్తే

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

కావలి చుట్టుపక్కల పాఠశాలల్లో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. మీ క్రీడల పేజీ గురించి ఒక్క విన్నపం. ఫుట్‌బాల్ సీజను ముగింపుకొచ్చే చివరి ఆరు వారాల్లోనైనా ప్రధాన లీగుల పాయింట్ల పట్టికను, ఆడిన మ్యాచులు, గోల్స్ తేడాలతో (చేసిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే వచ్చేది) సహా, మొదటి జట్టు నుంచి చివరి జట్టు దాకా వారానికోసారి ప్రచురించండి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి 2025 మే 25 ఆదివారం రాత్రి ఒక్కటి చాలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగుకు అది ఆఖరి రోజు. లివర్‌పూల్ ఏప్రిల్‌లోనే విజేతగా ఖాయమైంది, దిగువ లీగుకు పడిపోయే మూడు జట్లూ అప్పటికే తేలిపోయాయి కనుక, ఇక చూడటానికేమీ లేదని చాలామంది అనుకుని ఉంటారు. అయితే ఆ సీజనులో ఇంగ్లండ్ క్లబ్బులు యూరప్ పోటీల్లో బాగా రాణించినందువల్ల, యూరప్ మేటి క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగుకు లీగు పట్టిక నుంచి ఎప్పుడూ వెళ్లే నాలుగు జట్లకు తోడు ఐదో జట్టుకూ అవకాశం వచ్చింది. మూడు, నాలుగు, ఐదు స్థానాలకు ఐదు జట్లు బరిలో ఉన్నాయి: మాంచెస్టర్ సిటీకి 68 పాయింట్లు, న్యూకాజిల్, చెల్సీ, ఆస్టన్ విల్లాలకు తలా 66, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 65. ఒకరి ఫలితం చూసుకుని మరొకరు ఆట తీరు మార్చుకోకుండా మ్యాచులన్నీ ఒకేసారి, మన రాత్రి ఎనిమిదిన్నరకు, మొదలయ్యాయి.

సిటీ, చెల్సీ గెలిచి గట్టెక్కాయి. న్యూకాజిల్ సొంత మైదానంలో ఎవర్టన్ చేతిలో 0-1తో ఓడింది. విల్లా మాంచెస్టర్ యునైటెడ్ మైదానంలో గోల్‌కీపర్ రెడ్‌కార్డుతో బయటికి పోయినా పదిమందితోనే పోరాడుతూ, స్కోరు ఇంకా 0-0గా ఉన్నప్పుడు బంతిని గోల్లోకి కొట్టింది. కానీ ప్రత్యర్థి కీపర్ చేతుల్లో ఉన్న బంతిని తన్నారని భావించిన రిఫరీ, బంతి గోల్లోకి వెళ్లకముందే ఈల ఊదేశాడు. ఈల మోగితే ఆట ఆగినట్టే కనుక వీడియో పరిశీలనకు కూడా వీల్లేకపోయింది. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే గోల్ ఇచ్చుకుని, చివరికి 0-2తో ఓడింది. న్యూకాజిల్‌కు, విల్లాకు మళ్లీ 66 చొప్పునే. గోల్స్ తేడా న్యూకాజిల్‌కు 21, విల్లాకు 7 కనుక ఐదో స్థానం న్యూకాజిల్‌కే దక్కింది. డ్రా చేసుకున్నా 67 పాయింట్లతో విల్లాయే ఐదోది. ఏళ్ల తరబడి పిల్లల మ్యాచులకు ఈల ఊదినవాడిగా చెబుతున్నాను, అనుమానం ఉన్నప్పుడు రిఫరీ ఒక్క క్షణం ఆగి ఉండవలసింది. ఆ ఒక్క క్షణానికి సీజను మొత్తం కష్టమూ ముడిపడి ఉంది.

మర్నాడు ఉదయం మీ పత్రికలో ఇదేదీ లేదు. లివర్‌పూల్ ట్రోఫీ ఎత్తుకున్న ఫొటో, కింద రెండు వాక్యాలు మాత్రమే ఉన్నాయి. అదే రాత్రి ఢిల్లీలో సన్‌రైజర్స్ 278 పరుగులు చేసింది, దానికి పెద్ద చోటు ఇవ్వడం న్యాయమే. కానీ ఐపీఎల్ పట్టికను నెట్ రన్‌రేట్‌తో సహా రోజూ ప్రచురించి, నాలుగో స్థానానికి ఎవరు ఎంత తేడాతో గెలవాలో లెక్కగట్టి చెప్పేది మీరే. నెట్ రన్‌రేట్ అర్థమైన పాఠకుడికి గోల్స్ తేడా అర్థం కాదా?

మన దేశపు లీగుకూ ఇదే వర్తిస్తుంది. 2024 ఏప్రిల్ 15న ఇండియన్ సూపర్ లీగు ఆఖరి లీగ్ మ్యాచులో ముంబై సిటీ 47 పాయింట్లతో, మోహన్ బగాన్ 45తో కోల్‌కతా సాల్ట్‌లేక్ మైదానంలో తలపడ్డాయి. డ్రా చేసుకుంటే, లీగు పట్టికలో మొదటి జట్టుకిచ్చే షీల్డు ముంబైదే. 2-1తో గెలిచి బగాన్ దాన్ని ఎగరేసుకుపోయింది. మ్యాచుకు ముందురోజు పట్టిక చూడనివారికి ఆ గెలుపు విలువ ఎలా తెలుస్తుంది?

పట్టిక కింద ఇంకొక్క వాక్యం కూడా చేర్చండి. పాయింట్లు సమానమైతే ఇంగ్లండ్‌లో మొదట గోల్స్ తేడా చూస్తారు, స్పెయిన్‌లో ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచుల ఫలితాలు చూస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు సోమవారం ఉదయం వ్యాయామ గది బయటి నల్లబల్ల మీద పట్టికను సుద్దతో రాసేవాణ్ని. ఎనిమిదో తరగతి పిల్లలు ప్రార్థన గంట కొట్టేలోగా మిగిలిన మ్యాచులను వేళ్ల మీద లెక్కవేసి, ఎవరు పైకి రావచ్చో వాదించుకునేవారు. ఇప్పుడా బల్ల లేదు. మీ పేజీలో కింద ఒక మూల చిన్న అక్షరాల్లో వేసినా వారికి సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా