పన్నుల వాటా లెక్కలో ఆ పాత బాకీ కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

"మన పన్నులన్నీ బీహార్‌కే పోతున్నాయి" అనే మాట, కేంద్రం పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంత వాటా ఇవ్వాలో చెప్పే ఫైనాన్స్ కమిషన్ పేరు ఎత్తితే చాలు వినిపిస్తోంది. 15వ కమిషన్ లెక్కలో తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రాలకి ఎక్కువ వాటా వచ్చేలా పెట్టిన వెయిటేజీ ఒక్కటే 45 శాతం, కాబట్టి దక్షిణాది వాళ్లకి కోపం రావడంలో తప్పేం లేదు. జనాభా కూడా చూసి వాటా ఇస్తే, జనాభా తగ్గించినందుకు మనకే నష్టమా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. కానీ ఈ గొడవలో ఒక విషయం ఎవరూ మాట్లాడట్లేదు, అదే నా బాధ.

1950ల్లో కేంద్రం ఫ్రైట్ ఈక్వలైజేషన్ అని ఒక పాలసీ పెట్టింది. ఉక్కు దేశంలో ఎక్కడ కొన్నా ఒకటే రేటు ఉండాలని సగటు రవాణా ఖర్చు అందరి రేట్లో కలిపేశారు, అంటే జంషెడ్‌పూర్ ప్లాంట్ పక్కనే షెడ్ వేసుకున్నవాడు బొంబాయి, మద్రాసుల్లో ఉన్నవాడి రైలు కిరాయి కూడా కట్టాడన్నమాట, మరి గనుల పక్కన ఫ్యాక్టరీ పెట్టి లాభమేంటి, పోర్టు, మార్కెట్ ఉన్నచోటే పెట్టుకున్నారు. పోనీ పశ్చిమ, దక్షిణాల్లో పండే పత్తికి ఇలాంటి రూల్ పెట్టి తూర్పు రాష్ట్రాలకి మేలు చేశారా అంటే అదీ లేదు. 1990ల మొదట్లో ఈ ఉక్కు పాలసీ తీసేసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. బీహార్ (అప్పట్లో జార్ఖండ్ కూడా అందులోనే), ఒడిశా, బెంగాల్ పోగొట్టుకున్నాయి, పశ్చిమ, దక్షిణ రాష్ట్రాలు బాగుపడ్డాయి, ఆ లాభపడ్డ వైపు మనమూ ఉన్నాం.

ఆ రాష్ట్రాలు వెనకబడడానికి ఇదొక్కటే కారణం అనట్లేదు. 1793 నాటి జమీందారీ పద్ధతి, చదువుల మీద ఖర్చు పెట్టకపోవడం, పాలన, అన్నీ ఉన్నాయి. అక్కడి జనం కష్టపడరు అనే మాట మాత్రం నేను ఒప్పుకోను, దేశమంతా కట్టే బిల్డింగుల దగ్గర, వేసే రోడ్ల మీద పనిచేసేది ఎవరో చూస్తూనే ఉన్నాం కదా.

అలాగని డబ్బులిచ్చి వదిలేస్తే సరిపోదు. ఇటలీ 1950లో దక్షిణ ప్రాంతం కోసం ప్రత్యేక ఫండ్ పెట్టి రోడ్లు, నీళ్లు, తర్వాత పెద్ద పెద్ద ఉక్కు, కెమికల్ ప్లాంట్లు తెచ్చింది, మొదటి ఇరవై ఏళ్లు ఉత్తర ప్రాంతంతో తేడా తగ్గింది కూడా, కానీ ఆ ప్లాంట్ల చుట్టూ చిన్న పరిశ్రమలు పెద్దగా పెరగక మధ్యలోనే ఆగిపోయింది.

అందుకే మీకో రిక్వెస్ట్. ఏ రాష్ట్రానికి ఎంత శాతం అని టేబుల్ వేసినప్పుడు ఆ పక్కనే ఈ పాత పాలసీ గురించి కూడా నాలుగు లైన్లు వేయండి, అలాగే వాటా తీసుకున్న రాష్ట్రం ఆ డబ్బుని స్కూళ్లకి, కరెంటుకి, చిన్న పరిశ్రమలకి ఏ జిల్లాలో ఎంత పెట్టిందో ప్రతి ఏడాదీ అడిగి రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు