వైసెన్సే శ్మశానంలో ఆ సైనికుల పేర్లు చదవగలిగేలా చేయండి: బెర్లిన్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఈ విషయం మీద మీ కార్యాలయానికి జర్మన్‌లో మూడుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి ‘సంబంధిత విభాగానికి పంపాం’ అని రెండు లైన్ల జవాబు వచ్చింది. మిగతా రెండింటికి అదీ లేదు. ఏడాదిన్నర గడిచింది. అందుకే ఈసారి నా మాతృభాషలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఈ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవ లేదు, ఎవరైనా మీకు చదివి చెబుతారు.

బెర్లిన్‌లోని వైసెన్సే యూదు శ్మశానంలో, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి చనిపోయిన యూదు సైనికుల స్మారకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నవంబరులో అక్కడ పుష్పగుచ్ఛాలు పెడతారు, ప్రసంగాలు చేస్తారు. నా బాధ ఆ ఒక్క రోజు గురించి కాదు. స్మారకానికి దూరంగా, లోపలి వరుసల్లో, అమ్మానాన్నల సమాధుల మీద పేరు చెక్కించుకుని ఉన్న, అదే యుద్ధంలో పోయిన కుర్రాళ్ల గురించి.

ఎం4 ట్రామ్ దిగి, హెర్బర్ట్ బౌమ్ వీధి చివర గేటు దగ్గర తల మీద టోపీ పెట్టుకుని లోపలికి వెళ్తాను. అయిదేళ్లుగా వెళ్తున్నాను. నేను రాసిన ఉత్తరాలన్నీ ఒకే ఒక్క రాయి గురించి. పైన తండ్రి పేరు, దాని కింద తల్లి పేరు. వాటి కింద, ఐవీ తీగ బాగా అల్లుకుపోయిన చోట, కొడుకు పేరు. తీగను వేలితో పక్కకు తీస్తే ఇంటిపేరులో మొదటి నాలుగు అక్షరాలు, 1916 అన్న సంవత్సరం కనిపిస్తాయి. అంతకంటే లాగడానికి చెయ్యి రాదు. ఆ తీగకు జెర్రి కాళ్లలాంటి సన్నటి వేర్లుంటాయి. లాగితే దాంతోపాటు రాతి పొర కూడా లేచి వస్తుంది. ఒకసారి తెలియక లాగాను, ఒక అక్షరం అంచు రాలి నా అరచేతిలో పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పని తెలిసినవాళ్లు చేయాల్సిన పని ఇది, అందుకే మీకు రాశాను.

1,15,000కు పైగా సమాధులున్న చోట అన్నీ ఒక్కసారిగా బాగుచేయమని నేను అడగడం లేదు. అలాగే శ్మశానం చూసుకునేవాళ్లను తప్పు పట్టడమూ లేదు. ఉన్న కొద్దిమందే నలభైకి పైగా హెక్టార్లు చూసుకోవాలి. కానీ యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు శాశ్వతంగా ఉండాలని, ఆ ఖర్చు ప్రజల సొమ్ముతో భరించాలని మీ చట్టమే చెబుతోంది. సైనికుల వరుసలో పడుకున్నవాడికి ఒక లెక్క, అమ్మ పక్కన పేరున్నవాడికి ఇంకో లెక్కా సార్?

మామూలుగా అయితే ఆ రాయిని మనవలో మునిమనవలో కడిగేవాళ్లు. వాళ్లెందుకు లేరో ఈ నగరంలో మీకు నేను చెప్పాలా?

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున దాదాపు లక్ష మంది యూదులు పోరాడారు. 12,000 మంది తిరిగి రాలేదు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1916 అక్టోబరులో, యూదులు ముందువరుసకు రాకుండా తప్పించుకుంటున్నారన్న నింద పట్టుకుని, సైన్యంలో వాళ్లను విడిగా లెక్కపెట్టమని యుద్ధ మంత్రిత్వ శాఖ ఆదేశించింది. లెక్కపెట్టారు. ఫలితం మాత్రం బయటపెట్టలేదు, నింద నిందలాగే మిగిలిపోయింది. నేను చెప్పే ఆ కుర్రాడు పోయిందీ ఆ ఏడాదే. 1927లో ఈ స్మారకం కట్టుకున్నప్పుడు, ఇక తమను ఎవరూ అనుమానించరని ఎంతమంది తల్లులు అనుకుని ఉంటారో. 1933లో నాజీ ప్రభుత్వం వచ్చి యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేస్తూ, యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లకు మినహాయింపు అన్నారు. రెండేళ్లకే అదీ పోయింది. ఆ స్మారకాన్ని రూపొందించిన వాస్తుశిల్పి అలెగ్జాండర్ బేర్ 1944లో నాజీల థెరీసియన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆయన కట్టిన రాయి ఇంకా నిలబడే ఉంది.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మా వైపు అందరికీ తెలుసు, దాదాపు ప్రతి ఇంట్లో ఒకరు సైన్యంలో చేసినవాళ్లే. ఆ మొదటి యుద్ధానికి మా ఊరివాళ్లూ వెళ్లారు, అదీ జర్మనీకి ఎదురుపక్షాన. మా నాన్న సుబేదారుగా రిటైరయ్యారు. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లాను. యూదుల ఆచారం చెబితే ఒక గులకరాయి ఏరి దాని మీద పెట్టారు. తర్వాత అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశారు. తిరిగి వస్తూ ‘కుర్రాడి పేరేంటిరా?’ అని అడిగారు. చెప్పలేకపోయాను.

సార్, ఆ కుటుంబ సమాధుల్లో సైనికుల పేర్లెక్కడున్నాయో ఒక్కసారి చూడటానికి మనిషిని పంపించండి. రాయికి దెబ్బ తగలకుండా తీగ తీయించండి. అరిగిన అక్షరాలు మళ్లీ చదవగలిగేలా చేయించండి. ఈ ఏడాది డబ్బు లేకపోతే లేదని చెప్పండి, వచ్చే ఏడాదికైనా ఒక తేదీ ఇవ్వండి. దయచేసి జవాబు మాత్రం ఇవ్వండి. ఒకప్పుడు అవమానించడానికి వాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. ఇప్పుడు గౌరవించడానికి ఒక్కొక్కరినీ వెతకమంటున్నాను.

నాన్నకు ఎనభై దాటాయి. ఫోన్ చేసినప్పుడల్లా ఆ కుర్రాడి పేరు తెలిసిందా అని అడుగుతున్నారు.

ఇట్లు,
వైసెన్సేలో ఉంటున్న ఒక తెలుగువాడు