స్టీరింగ్ బరువు చెకింగ్‌కి ఇకపై 400 రూపాయలు: ఎందుకో చెప్తాను

బెంగళూరు మారతహళ్లిలో మన గ్యారేజీకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, స్టీరింగ్ బరువుగా ఉందని వచ్చే బండ్లకు చెకింగ్ ఛార్జీ 400 రూపాయలు తీసుకుంటాం. పని మా దగ్గరే చేయించుకున్నా ఆ డబ్బు బిల్లులో తగ్గించం. ఈ మాట చెప్పగానే ఇద్దరు ముగ్గురు పాత కస్టమర్లు "ఇన్నాళ్లూ ఊరికే చూసేవాడివి కదన్నా" అన్నారు. నిజమే, చూసేవాణ్ణి.

ఇలాంటి బండి రాగానే మేం మొదట చూసేది టైర్ల గాలి. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత కొట్టాలో అందులోనే రాసి ఉంటుంది. చిన్న కార్లకు మామూలుగా 30 నుంచి 33 పీఎస్ఐ. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నెలల తరబడి కదలని బండికి అది 20 దగ్గరికి దిగిపోయి ఉంటుంది. గాలి కొట్టగానే స్టీరింగ్ తేలికైపోతుంది. కస్టమర్ థాంక్స్ చెప్పి వెళ్తాడు, నాకు టీ డబ్బులు కూడా రావు. స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే పార్టు ర్యాక్. అదే "ర్యాక్ పోయింది సార్" అంటే బిల్లు వేలల్లో ఉంటుంది. ఊరికే చూసే చోట కుర్రాళ్ల జీతాలు పార్టుల మీంచే రావాలి మరి. ఆ ఆశ నాకు పుట్టకూడదనే ఈ ఛార్జీ. పని చేయిస్తే తగ్గిస్తానంటే, చూసిన కష్టానికి డబ్బు మళ్లీ పార్టు మీంచే లాగాలి. అందుకే తగ్గించను.

గాలి సరిగ్గా ఉన్నా బరువు తగ్గకపోతే అసలు పని మొదలవుతుంది. ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా జాకీ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతాం. ఎక్కడా పట్టకుండా తిరిగితే జాయింట్లు బాగున్నట్టే. అప్పుడు అలైన్‌మెంట్ చూడాలి, లేదా పవర్ సాయం అందడం లేదని అనుకోవాలి. పట్టేస్తుంటే, ర్యాక్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు రెండూ విప్పి మళ్లీ తిప్పుతాం. అప్పటికీ స్టీరింగ్ పట్టేస్తే తప్పు ర్యాక్‌లోనో, స్టీరింగ్ నుంచి కిందికి దిగే కాలమ్‌లోనో ఉంది. స్టీరింగ్ తేలికైపోయి, చక్రం మాత్రం చేత్తో తిప్పితే మొరాయిస్తే, అది చక్రాన్ని కింద పట్టి ఉంచే బాల్ జాయింటో, షాక్ అబ్జార్బర్ ఉండే స్ట్రట్ పైనుండే బేరింగో. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది మధ్యకు రాకపోయినా మా అనుమానం ముందు వీటి మీదికే పోతుంది.

మొన్న ఒక పాత హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. వేరే చోట ర్యాక్ మార్చాలని కొటేషన్ కూడా ఇచ్చేశారట. తిప్పి చూస్తే ఒక పావు చుట్టు బరువు, ఒక పావు చుట్టు తేలిక, మళ్లీ బరువు. అలా వంతులవారీగా పట్టేస్తోందంటే నా దృష్టి క్రాస్ జాయింట్ మీదికి పోతుంది. పెడల్స్ కింది నుంచి ర్యాక్‌లోకి దిగే షాఫ్ట్ చివర ఉంటుందది. టార్చి వేసి చూస్తే ఎర్రటి తుప్పు పొడి, లోపల గ్రీజు జాడే లేదు. వానల్లో అండర్‌పాస్ నీళ్లలోంచి బండి తీశానని ఆయనే చెప్పారు. బండి పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో షాఫ్ట్ దొరికింది, మార్చాం, ర్యాక్ జోలికే పోలేదు.

పాత ఇన్నోవా, బొలెరో లాంటి ఆయిల్ పవర్ స్టీరింగ్ బండ్ల సంగతి వేరు. ఐడిల్‌లో బరువుగా ఉండి, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే తేలికైతే బెల్టు వదులైంది, లేదా పంపు బలహీనపడింది. వాన నీళ్లు పడ్డప్పుడే కీచుమంటే బెల్టునే అనుమానించాలి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే మార్చాల్సిందే. తగ్గింది కదా అని చేతికి దొరికిన బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకండి, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఆ తర్వాత ర్యాక్ నిజంగానే మార్చాల్సి వస్తుంది.

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో పసుపు లైటు వెలిగితే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వోల్టేజీ, ఫ్యూజు చూసి స్కానర్ పెడతాం. ఇరుకు పార్కింగ్‌లో స్టీరింగ్‌ని ఆ చివరకీ ఈ చివరకీ పదే పదే తిప్పి పట్టుకుంటే మోటారు వేడెక్కి తనంతట తానే సాయం తగ్గించుకుంటుంది. చల్లారాక మామూలైపోతే టెన్షన్ పడకండి. మోటారే పోయుంటే మేం విప్పం. స్కానర్‌లో వచ్చిన తప్పు కోడ్ రాసిస్తాం, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ర్యాక్ విప్పి లోపలి సీళ్లు మార్చే సీల్ కిట్ పని కూడా మా దగ్గర లేదు.

నడుపుతుండగా స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే మాత్రం మా దాకా తోలుకుని రావద్దు. పక్కన ఆపి ఫోన్ చేయండి, టోయింగ్ మనిషిని పంపిస్తాం. సంక్రాంతికి అనంతపురం, కర్నూలు వైపు వెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం కాకుండా ఒక వారం ముందే బండి చూపించుకోండి. పండగ రద్దీలో పార్టు దొరకడమే కష్టం, ఆదివారమైతే జేసీ రోడ్డులో చాలా షాపులు మూసే ఉంటాయి.